విన్నానని చెప్పాను

ప్రియమైన అమ్మకు,

నీ కొడుకు వందనాలు. ఇక్కడ నేను, నీ కోడలు, నీ మనవరాలు ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, చెల్లి, బావ, ఆ కవల రాక్షసులు ఇద్దరూ కూడా బాగున్నారని అనుకుంటున్నాను. "ఒంట్లో" అని ఎందుకు రాశానో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

ముందుగా ఒక్క మాట. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో. ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నీకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం చెల్లి విని నీ చెవిలో అరిచి చెబుతుంది, దాంతో వాళ్ల వీధంతా వింటుంది. ఇది అలా అరిచి చెప్పుకునే సంగతి కాదు. పిల్లలు నిద్రపోయాక, తలుపు దగ్గరగా వేసుకుని చదువు.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవాటికి జవాబులు రాసేస్తాను. మందిరం పైకప్పు కారడం ఆగింది. కింద టైర్ల కొట్టాయనే మనిషిని పెట్టి రేకులు మార్పించాడు. మన బల్లల మీద పడ్డ వాన నీళ్లు తిన్నగా ఆయన టైర్ల మీదికి దిగుతున్నాయట, అందుకని ఆయనకు భక్తి పుట్టింది. మనవరాలికి ముందు పళ్లు రెండూ ఊడాయి, నవ్వమంటే నోరు మూసుకుని నవ్వుతోంది. నా నడుం నొప్పి ఉండేదే. లిఫ్టు గుంతల్లోకి దిగి పనిచేసేవాడికి నడుం నొప్పి లేదంటే పని ఎగ్గొడుతున్నాడనే అర్థం. నీ కోడలికి టికెట్ కౌంటర్‌లో పొద్దుటి షిఫ్టు వేశారు. నువ్వు అల్లిన స్వెట్టర్ అందింది. చేతులు పొడుగయ్యాయి, మడుచుకుని వేసుకుంటున్నాను. నేనింకా పెరుగుతాననుకున్నావేమో.

ఇక ఆఖరి ప్రశ్న. "బండోడి పెళ్లి నువ్వే చేశావట, ఆస్పత్రిలో చేశావట, ఆ తర్వాతే వాడు లేచి కూర్చున్నాడట. అందరూ చెప్పుకుంటుంటే కన్నతల్లికి ఒక్క ముక్క రాయలేదేం?" అని అడిగావు. అంతకుముందు ఉత్తరంలోనూ అడిగావు. అప్పుడు మనవరాలి పరీక్షల గురించి రాసి తప్పించుకున్నాను. ఈసారి రాస్తాను. రాయకపోతే నాకు పిచ్చెక్కేలా ఉందమ్మా.

బండోడు నీ చేతుల మీదే పెరిగాడు. మన వంటింటి కిటికీ అద్దం బంతితో పగలగొట్టి, నీ తిట్లకు భయపడి కొత్త అద్దం తనే తెచ్చి బిగించి, చివరికి ఆ అద్దాల పనిలోనే స్థిరపడిపోయినవాడు. చిన్నప్పటి ఒళ్లు ఎప్పుడో కరిగిపోయింది. ఇప్పుడు వాడికీ వాడి నిచ్చెనకీ పెద్ద తేడా లేదు. పేరు మాత్రం బండోడే. నాకు అన్న లేడు, తమ్ముడు లేడు, ఆ రెండూ వాడే. పెళ్లికూతుర్ని నువ్వు ఒక్కసారే చూశావు, చెల్లి దగ్గరికి ప్రయాణమయ్యే ముందు. బస్టాపు పక్క సందులో పాత బట్టలు సరిచేసే కొట్టు పెట్టుకున్న టైలరమ్మ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేస్తుంది, అందుకేనేమో మాట్లాడేది తక్కువ. వాడిలాగే నా అన్నవాళ్లు లేని మనిషి. వాడి చొక్కాకి కాలర్ తిప్పి కుట్టడంతో పరిచయం మొదలై ముచ్చటగా పెళ్లిదాకా వచ్చింది. ఇద్దరూ కలిసి ఇంటికొచ్చి, పెళ్లి నువ్వే చేయాలని నన్ను అడిగారు. మందిరంలో ఎన్ని పెళ్లిళ్లు చేసినా స్నేహితుడి పెళ్లి చేయడం నాకు అదే మొదలు. ఆ రోజు నా కాళ్లు నేలమీద లేవు.

మన మందిరం పద్ధతి నాకు నేర్పింది నువ్వే. పెళ్లి చేసేది పాస్టర్ కాదు, వాళ్లిద్దరే చేసుకుంటారు, పాస్టర్ పని అడగడం, వినడం అని చెప్పేదానివి. ఇద్దరినీ విడివిడిగా అడగాలి. వాళ్లు నోరు తెరిచి చెప్పాలి. చెప్పింది పాస్టర్ తన చెవులతో విని, జనం వైపు తిరిగి "విన్నాను" అనాలి. ఆ ఒక్క మాటతో పెళ్లి అయిపోయినట్టు. ఉంగరాలూ దండలూ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నీ చెవులు మొరాయించిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. ఇంకెవరిదో పెళ్లి చేస్తూ, ఆ పెళ్లికూతుర్ని మళ్లీ చెప్పమన్నావు, మళ్లీ చెప్పమన్నావు, ఆ తర్వాత జనం వైపు తిరిగి, "ఈ అమ్మాయి చెబుతూనే ఉంది, నాకే వినపడటం లేదు. ఇకమీదట నేనిక్కడ నిలబడకూడదు" అని దిగిపోయావు. వారం తిరక్కుండా నా తలమీద చేతులుంచి నీ చోట నన్ను పాస్టర్‌గా నిలబెట్టావు. నీకు చెవులు పనిచేయక దిగిపోయావు. నాకు రెండు చెవులూ శుభ్రంగా పనిచేస్తున్నాయి.

పెళ్లి దగ్గర పడుతుండగా వాడు పడిపోయాడు. ఒక ఆఫీసు భవనానికి పెద్ద అద్దం బిగిస్తూ నిచ్చెన మీంచి వెనక్కి పడ్డాడు. అద్దం పగల్లేదు. తల పగిలింది. ఐసీయూలో గొట్టాలు పెట్టి, మిషన్‌తో ఊపిరి ఆడించారు. ఆ తలుపు దగ్గర కాపలా మనిషి టైలరమ్మను "మీరేమవుతారు?" అని అడిగేవాడు. షిఫ్టు మారి ఇంకొకడు వచ్చేవాడు, అతనూ అదే అడిగేవాడు. "పెళ్లి చేసుకోబోతున్నాం" అని చెప్పేది. "అయితే ఇంకా ఏమీ కారన్నమాట" అన్నాడట ఒకడు. వెటకారంగా కాదు, రూలు చెప్పాడంతే. లోపలికి నన్ను పంపేవాళ్లు, పాస్టర్‌ని కదా. ఆమె బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నేను రాగానే నా మొహం వంక చూసేది.

ఒకరోజు పొద్దున్నే డాక్టర్ మమ్మల్ని పిలిచి, గొట్టం తీసి చూస్తామన్నాడు. తనంతట తాను ఊపిరి తీసుకుంటే సరే, లేకపోతే ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఎంతవరకు ఆశ ఉందని అడిగితే, "దగ్గరివాళ్లు ఎవరైనా ఉంటే పిలిపించుకోండి" అన్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. టైలరమ్మ నా దగ్గరికొచ్చింది. ఏడవటం లేదు.

"అన్నయ్యా, గొట్టం తీయగానే పెళ్లి చేసేయండి. ఎలాగూ చేసుకునేవాళ్లమే కదా."

"ఇప్పుడెలాగమ్మా? వాడి పరిస్థితి చూశావుగా."

"మీరు అడగండి, ఆయన చెబుతాడు. ఇందాక డాక్టర్ లోపలికి తీసుకెళ్లి చూపించినప్పుడు నేను పిలిస్తే కళ్లు తెరిచాడు. ఆయన పోయినా నేను ఆయనకు ఏదో ఒకటి అయి ఉండాలి. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి నాకొక మాట ఉండాలి."

నేను ఒప్పుకున్నాను, డాక్టర్ ఆమెను కూడా లోపలికి రానిచ్చాడు. గొట్టం తీశారు. వాడు ఊపిరి తీసుకుంటున్నాడు గానీ, ప్రతి ఊపిరీ బరువు మోసినట్టు తీసుకుంటున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. మందిరం జనానికి బదులు ఒక్క నర్సు నిలబడింది, ఆవిడా తొందరపడుతోంది. ముందు ఆమెను అడిగాను. "కోరుకుంటున్నాను" అని స్పష్టంగా చెప్పింది. ఆ గదిలో మిషన్ల చప్పుడు దాటి వినిపించింది. తర్వాత వాడి మీదికి వంగి అడిగాను. "ఈమెను నీ భార్యగా, నీ ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా కోరుకుంటున్నావా?"

వాడు ఆమె వంక చూడలేదమ్మా. నా వంక చూశాడు. అలా ఎందుకు చూశాడో కాసేపాగి రాస్తాను. పెదవులు కదల్లేదు. నేను ఇంకా వంగి, చెవి వాడి నోటి దగ్గర పెట్టాను. వెచ్చటి ఊపిరి తగిలింది, అంతే. మళ్లీ అడిగాను. మళ్లీ ఊపిరే. నా వీపు మీద ఆమె చూపు నాకు తెలుస్తూనే ఉంది. నేను లేచి నిలబడి, ఆమె వైపు, నర్సు వైపు తిరిగి, "విన్నాను" అన్నాను.

ఎందుకన్నానని నువ్వు అడగకముందే నన్ను నేను వెయ్యిసార్లు అడుక్కున్నాను. నా పని గురించి నీకు తెలియనిది ఒకటుంది. లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నప్పుడు, నేనింకా నాలుగు వీధుల అవతల ఉండగానే, ఫోన్లో "వచ్చేశాను, కిందే ఉన్నాను" అంటాను. తీరా అక్కడికి వెళ్లాక, తలుపు సందులోంచి "అయిపోయింది, ఇంకొక్క బోల్టే" అంటాను, సంచి కూడా విప్పకుండా. అలా అంటేనే లోపలివాళ్లు తలుపులు బాదడం ఆపి కుదురుగా నిలబడతారు. అది అబద్ధమని నాకెప్పుడూ తోచలేదు, పనిలో భాగమనుకున్నాను. తలుపు తెరుచుకుని బయటపడ్డాక, నువ్వు అప్పుడు ఎక్కడున్నావని ఎవరూ అడగరు. ఆమె మొహం చూడగానే నా నోటికి అదే అలవాటుగా వచ్చేసింది. పోయేవాడికి నష్టం లేదు, ఉండేదానికి ఓదార్పు అనుకున్నాను. తీరా చూస్తే వాడు పోలేదు.

మర్నాటి నుంచే తేరుకోవడం మొదలుపెట్టాడు. డాక్టరే ఆశ్చర్యపోయాడు. మందిరంలో మనవాళ్ల సంబరం చూడాలి. పెళ్లి మాట చెవిన పడగానే చావు వెనక్కి పోయిందన్నారు. నాది మంచి చెయ్యి అన్నారు. తమ పెళ్లి కూడా నేనే చేయాలని ఒక జంట వచ్చి కూర్చుంది. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పి పంపించాను. ఆదివారం ప్రార్థనలో బండోడి పేరు రాగానే అందరూ కళ్లు తుడుచుకుంటారు. నేను పుస్తకంలోకి చూస్తూ నిలబడతాను.

టైలరమ్మ కొట్టు మూసేసి, కుట్టు మిషన్ వాడింటికి తెచ్చుకుంది. వాడికి కుడివైపు చెయ్యీ కాలూ స్వాధీనంలో లేవు, మాట పోయింది. మాట నేర్పడానికి వచ్చే ఆవిడ దగ్గర ఈమె తనూ నేర్చుకుని, పొద్దున్నా సాయంత్రమూ వాడి ముందు కూర్చుని, నోరు పెద్దగా తెరిచి "అ", "ఆ" అంటూ దిద్దించేది. జీవితంలో ఎప్పుడూ అంత మాట్లాడి ఉండదు. నేను వెళ్లినప్పుడల్లా, "అన్నయ్యా, ఇవాళ 'నీళ్లు' అన్నారు" అనో, "'కిటికీ' అనబోయి సగంలో ఆగిపోయారు" అనో చెప్పేది. వాడికి ఒక్కొక్క మాట వస్తుంటే ఆమెకు పండగ. నేను మాత్రం వాడు మాట్లాడే రోజు వస్తుందని భయపడుతూ, వాడు మాట్లాడాలని ప్రార్థన చేస్తూ తిరిగాను. అంత సిగ్గుమాలిన ప్రార్థన ఇంకెవరూ చేసి ఉండరు.

ఇప్పటిదాకా రాసింది సగమేనమ్మా. రెండో సగం రాయడానికి చెయ్యి రావడం లేదు.

వాడు నిచ్చెన మీంచి పడటానికి కొద్ది రోజుల ముందు, నేను ఒక భవనంలో లిఫ్టు మోటారు గదిలో ఉంటే, వెతుక్కుంటూ పైదాకా వచ్చాడు. అక్కడున్న పాత తీగచుట్ట మీద కూర్చున్నాడు. "ఒరేయ్, పాస్టర్‌గా వింటావా, స్నేహితుడిగా వింటావా?" అన్నాడు. పాస్టర్‌గానే వింటానన్నాను. అలా అన్నాక ఆ మాట నా నోటి నుంచి బయటికి పోకూడదు, నీకు తెలుసు.

"నేను ఈ పెళ్లి చేసుకోలేనురా. ఆమె చాలా మంచిది. ఏ వంకా లేదు. కానీ ఆమె వెళ్లిపోయి తలుపు వేసుకున్నాక నాకు హాయిగా ఉంటోంది. అలా ఉండకూడదు కదా?"

"పెళ్లి భయం అందరికీ ఉంటుంది."

"ఇది భయం కాదు. భయమేమిటో నాకు తెలుసు, రోజూ నిచ్చెన ఎక్కేవాణ్ణి. ఆదివారం ఆమెకు నేనే చెబుతాను. నువ్వు నోరు మెదపకు."

ఆదివారం రాకముందే పడిపోయాడు. అందుకేనమ్మా, ఆ రోజు నేను అడిగినప్పుడు ఆమెను వదిలేసి నా వంక చూశాడు. ఆ గదిలో తన మనసు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పడానికి వాడికి నోరు లేదు. నేను చెప్పనని ప్రమాణం చేశాను, నిజమే, కానీ కుదరదని అనడానికి నాకు అడ్డేముంది? వాడి నోటి నుంచి మాట రాలేదు, నేను వినలేదు, ఈ పెళ్లి కాలేదు అంటే సరిపోయేది. కారణం కూడా చెప్పనక్కర్లేదు. వినలేదని ఆమెతో అనడానికి నోరు రాక, వాడు వద్దన్న పెళ్లిని వాడి నెత్తిన పెట్టాను. ఇది నీకు ఇన్నాళ్లూ రాయలేదు.

కిందటి వారం టైలరమ్మ కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్లింది. వాడి దగ్గర నేనున్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ అడిగాడు. "పెళ్లి... నేను... అన్నానా?"

ఇక దాచలేకపోయాను. "లేదురా. నువ్వేమీ అనలేదు. నేనే అన్నాను."

వాడు నవ్వాడు. మూతి ఒకవైపే కదిలింది. చిన్నప్పుడు నీ చేత దెబ్బలు తిన్నాక కూడా అలాగే నవ్వేవాడు. అప్పుడు నాకొక పాడు ఆశ పుట్టింది. ఆమె ఇంత చేసింది కదా, వాడి మనసు మారి ఉంటుంది, ఇప్పుడు అవునంటే అన్నీ సర్దుకుంటాయి, నా అబద్ధం కూడా వెనక్కి నడిచి నిజమైపోతుంది అనుకున్నాను. మందిరంలో అడిగినట్టే, మాట పొల్లుపోకుండా మళ్లీ అడిగాను.

"వద్దు" అన్నాడు. పడ్డాక వాడి నోటి నుంచి అంత స్పష్టంగా వచ్చిన మాట ఇంకొకటి లేదు. తర్వాత, "చెప్పు" అన్నాడు. మాటలు పూర్తిగా వచ్చాక ఆమెకు నువ్వే చెప్పుకోరా అన్నాను. బాగున్న చేత్తో మంచం పట్టె మీద కొట్టాడు. ఆమె వచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు. ఆమె వచ్చి, నొప్పి అనుకుని, కాలికి నూనె రాసింది.

ఇంటికొచ్చి, వాడే చెప్పమన్నాడు కదా అని, నీ కోడలికి మొత్తం చెప్పాను. అంతా వింది. తర్వాత అంది, "ఇప్పుడు నిజం చెబితే ఎవరికి మేలు? ఆమె వెళ్లిపోతే అతన్ని ఎవరు చూస్తారు? మీరా? లిఫ్టుల పని మానేసి కూర్చుంటారా?"  "నిజం చెబితే మీ గుండె తేలికవుతుంది. వాళ్లిద్దరికీ బరువవుతుంది" అని కూడా అంది. తను చెడ్డది కాదమ్మా. నాకంటే ముందుచూపున్న మనిషి. ఈ వారమంతా ఆ రెండు మాటల మధ్య నలిగిపోయాను.  నిన్న ఒక ముసలాయన లిఫ్టులో ఇరుక్కుని, "బాబూ, ఎంతవరకు వచ్చావు?" అని ఫోన్లో అడిగితే, "ఇంకా దూరంగానే ఉన్నానండీ, ఆలస్యమవుతుంది" అని చెప్పాను. ఆయన తిట్టిపోశాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇక్కడిదాకా రాసి ఉత్తరం ఆపాను. మిగతాది ఇవాళ రాస్తున్నాను.

పొద్దున వాడింటికి వెళ్లాను. టైలరమ్మ మంచం పక్కన స్టూలు వేసుకుని వాడి గోళ్లు తీస్తోంది. ఎడమ చెయ్యి అయిపోయింది, కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. నేను గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, నీతో మాట్లాడాలి, ఇలా పక్కకు రా" అన్నాను. వాడు నా వంక చూసి, తల అడ్డంగా ఊపాడు. ఇక్కడే చెప్పమని.

అక్కడే చెప్పాను. ఆ రోజు వాడు నోరు తెరవలేదని, నేను విన్నానన్నది అబద్ధమని చెప్పాను. అంతకుముందు వాడు నాతో ఏమన్నాడో చెప్పనా అని వాడిని అడిగాను. తలాడించాడు. అది కూడా చెప్పాను. కిందటి వారం మళ్లీ అడిగానని, వద్దన్నాడని చెప్పాను. ఆమె గోళ్లు తీయడం ఆపింది. గోళ్ల కత్తెర చేతిలోనే ఉంది.

అంతా అయ్యాక, "ఇప్పుడు నా ముందు అడగండి. ఈసారి నేను కూడా వింటాను" అంది.

"వద్దమ్మా, ఎందుకు ఇంకా..."

"అడగండి అన్నయ్యా."

అడిగాను. నా గొంతు నాకే వినిపించనంత చిన్నగా వచ్చింది. గట్టిగా అడగమంది. గట్టిగా అడిగాను. వాడు ఈసారి ఆమె మొహంలోకే చూశాడు. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. "వద్దు" అన్నాడు. ఎంతో కష్టపడి, "నువ్వు... మంచిదానివి" అన్నాడు.

"ఆ సంగతి నాకు తెలుసు" అంది.

తర్వాత వాడి కుడి చెయ్యి మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. ఆ వేళ్లు వాటంతట అవి తెరుచుకోవు. ఒక్కొక్కటే విప్పి, చిటికెన వేలి దాకా గోళ్లన్నీ తీసింది. రాలిన ముక్కలు కాగితంలోకి ఊడ్చి, మడిచి, బుట్టలో వేసింది. చేతులు కడుక్కుంది. గోడకున్న తన సంచి తీసుకుని నాతో అంది, "నీళ్లు గబగబా పట్టకండి, పొలమారుతుంది. చెంచాతో పట్టాలి. మధ్యాహ్నం ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టండి. కుట్టు మిషన్ కోసం తర్వాత మనిషిని పంపిస్తాను." వాడివైపు చూడలేదు. వాడు కళ్లు మూసుకున్నాడు.

ఇప్పుడు వాడి దగ్గర నేనే ఉన్నాను. ఈ ఉత్తరం ఆమె కుట్టు మిషన్ బల్ల మీద రాస్తున్నాను, పక్కన వాడు పడుకుని ఉన్నాడు. పనికి సెలవు పెట్టాను. ఎన్నాళ్లని అడిగారు, తెలియదన్నాను. నీ కోడలు మధ్యాహ్నం తిండి తెచ్చిపెట్టి వెళ్లింది. నేను చెంచాతో నీళ్లు పడితే సగం వాడి మెడ మీదికి పోతున్నాయి. వాడు విసుక్కుంటున్నాడు. నా మీద కోపమో, కాదో, చెప్పేంత మాట వాడికింకా రాలేదు. వచ్చాక వింటాను.

ఆదివారం మందిరంలో నిలబడి జరిగిందంతా చెప్పి దిగిపోతాను. నీకు ఎంత తలవంపులో నాకు తెలుసు. నా తలమీద చేతులు ఎందుకు పెట్టానా అని నీకనిపిస్తే, అనిపించిందని రాయి, దాచకు. అమ్మా, నేను చెడిపోయాననుకున్నా ఫరవాలేదు, జవాబు మాత్రం రాయి. ఇంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను.

ఇంకొక్కటి ఉంది, అసలు ఈ ఉత్తరం దానికోసమే. పొద్దున ఆమె వెనకాలే మెట్ల దాకా వెళ్లాను. క్షమించమని అడిగాను. ఆమె రెండు మెట్లు దిగి ఆగింది. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా, కొట్టుకొచ్చిన మనిషిని కొలతలు అడిగినట్టు అడిగింది.

"ఆ రోజు మీరు విన్నానన్నాక, నేనూ విన్నానన్నయ్యా. ఆయన గొంతుతోనే, 'కోరుకుంటున్నాను' అని. ఇన్నాళ్లూ అలిసిపోయినప్పుడల్లా ఆ మాట చెవిలో వినిపించేది, లేచి మళ్లీ పని చేసుకునేదాన్ని. ఇప్పుడు కూడా వినిపిస్తోంది. అది నా చెవిలోంచి ఎలా పోతుందో చెప్పండి."

నాకు జవాబు తెలియలేదు. ఆమె మిగతా మెట్లు దిగి వెళ్లిపోయింది. నీకు తెలిస్తే రాయి, తీసుకెళ్లి చెబుతాను.

ఇట్లు,
నీ కొడుకు